చేతులు పనిచేసిన పది నిమిషాలు

శాన్ డియాగో తీరంలో దొరికే లాబ్‌స్టర్‌కి డెక్కలుండవు. ఒళ్లంతా ముళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన లావుపాటి మీసాలు రెండు. చేతికి చిక్కితే ఆ మీసాల మొదళ్లను రాపాడించి కిర్రుకిర్రుమని చప్పుడు చేస్తుంది. పగలు రాళ్ల సందుల్లో దాగి ఉండి, చీకటి పడ్డాక మేతకు బయలుదేరుతుంది. మన విశాఖ, భీమిలి రాళ్లలో ఉండేవి దీని దాయాదులే. భీమిలి పక్కన పుట్టి పెరిగిన మా బావ ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయినా, అక్టోబరు వచ్చిందంటే ఆయనకు ఇంట్లో కాలు నిలవదు. నేను ఉద్యోగానికి ఈ ఊరొచ్చాక ఆయన వెంటపడి ఈ పని నేర్చుకున్నాను.

సీజను అక్టోబరు మొదట్లో తెరుస్తారు, మార్చి మధ్య తర్వాత మూసేస్తారు. సరదాకు పట్టుకునేవాళ్లు నీళ్లలో మునిగి చేత్తో పట్టుకోవాలి, లేదా హూప్ నెట్ వేయాలి. బోన్లు వాడే హక్కు వ్యాపారానికి పట్టే జాలర్లకే ఉంది. మనిషికి ఐదు నెట్లు, రోజుకు ఏడు లాబ్‌స్టర్లు. కళ్ల గుంటల వెనక అంచు నుంచి వీపు డిప్ప చివరి దాకా కొలిస్తే మూడుంపావు అంగుళాలు ఉండాలి. అంతకు తగ్గితే అక్కడికక్కడే నీళ్లలో వదిలేయాలి. ఆ కొలతకు రావడానికి దానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈ నియమాలు చాదస్తమని నేనెన్నడూ అనుకోలేదు. 2012 జనవరి నుంచి లా హోయా దగ్గర, పాయింట్ లోమా కొస దగ్గర కొన్ని చోట్ల వేట పూర్తిగా మాన్పించారు. అదీ మంచిదే. మిగిలిన చోట్లలో మాలాంటి చిన్న కయాక్‌లకు అందుబాటులో ఉండేది మిషన్ బే ముఖద్వారంలోని జెట్టీలు. సముద్రంలోకి చాచిన పెద్ద పెద్ద బండరాళ్ల కట్టలవి. ఆ రాళ్ల సందులే లాబ్‌స్టర్ల ఇళ్లు. మోటారు బోట్లు సముద్రంలోకి పోయి వచ్చే దారి కూడా వాటి పక్కనుంచే.

హూప్ నెట్ అంటే ఇనుప కడియానికి బిగించిన వల. మధ్యలో ఎర సంచి, పైన పొడుగాటి తాడు, తాడు చివర తేలే బుడ్డ. రాత్రిళ్లు కనిపించడానికి ఆ బుడ్డకు వెలుగు కడ్డీ కడతాం. ఎరకు కానాగంతలు, సాల్మన్ తలకాయలు వాడతాం. వాసన ఎంత పారితే అంత మంచిది. నెట్ అడుగుకు చేరాక కాసేపు వదిలేస్తాం. రెండు గంటలు దాటకుండా పైకి తీసి చూడాలని చట్టం చెబుతోంది. మేం అరగంటకే తీస్తాం. ఆలస్యం చేస్తే ఎర తిని వెళ్లిపోతాయి.

అసలు పనితనమంతా తీయడంలో ఉంది. హూప్ నెట్‌కు మూత లేదు. తాడు ఒకసారి లాగడం మొదలుపెట్టాక, నెట్ నీళ్ల పైకి వచ్చేదాకా చేతులు ఆగకూడదు. ఆగితే లాబ్‌స్టర్ తోక ఒక్కసారి ముడిచి వెనక్కి దూకేస్తుంది. పెద్ద బోటులో నిలబడి లాగేవాడికి ఇది మామూలు పని. కయాక్‌లో అలా కాదు. కూర్చునే లాగాలి, బరువంతా ఒక పక్కకు పడుతుంది, రెండు చేతులూ తాడు మీదే ఉంటాయి కాబట్టి తెడ్డు ముట్టుకునే వీలుండదు. లాగిన తడి తాడు ఒళ్లోనూ కాళ్ల మీదా పడుతుంటుంది. ఆ అర నిమిషంలో అల వచ్చిందంటే ఆనడానికి ఏమీ ఉండదు.

అది డిసెంబరు నెల, అమావాస్య దగ్గర పడిన రోజులు. వెన్నెల లేని రాత్రి లాబ్‌స్టర్లు ధైర్యంగా తిరుగుతాయని అందరూ నమ్ముతారు, మేమూ నమ్ముతాం. పొద్దుగూకాక రేవులో కయాక్‌లు దించాం. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు, నెత్తిన లైట్లు, కయాక్‌ల వెనక కడ్డీ మీద తెల్ల లైట్లు ఉన్నాయి. నడుము కింద నేను మూడు మిల్లీమీటర్ల రబ్బరు సూటు వేసుకున్నాను, పైన నీళ్లు దూరని జాకెట్టు. లైఫ్ జాకెట్ ఛాతీ మీద చిన్న కత్తి, ఈల. రేడియో బావ దగ్గరుంది, ఆయన లైఫ్ జాకెట్ జేబులో. నా ఫోను కయాక్ పెట్టెలో, నీళ్లు తగలని సంచిలో.

జెట్టీ పొడుగునా నెట్లు వేశాం. పోటు తగ్గి నీళ్లు బే నుంచి సముద్రంలోకి తీయడం మొదలైంది. రాళ్ల మీద సముద్ర సింహాలు ఒకటే అరుపులు. మొదటి విడతలో నాకు రెండు వచ్చాయి. ఒకటి కొలతకు రాలేదు, వదిలేశాను. రెండోది సంచిలో వేసి, పట్టినవి లెక్కరాసే కార్డు మీద రాసుకోబోతుంటే బావ కేకేశాడు.

"చివరి బుడ్డ దగ్గర అలలు లేస్తున్నాయ్, చూసుకో!"

"నాలుగోది తీసి వచ్చేస్తా బావా," అన్నాను.

నాలుగో నెట్ సగం పైకి వచ్చింది. తాడు బరువుగా ఉంది, లోపల ఏదో ఉన్నట్టే అనిపించింది. అప్పుడు బే లోపలి నుంచి ఒక మోటారు బోటు వచ్చింది. వేగం తగ్గించకుండా, రాళ్లకు చాలా దగ్గరగా వచ్చింది. మా తెల్ల లైట్లు వాళ్లకు కనబడ్డాయో లేదో తెలియదు. బావ లైటు ఊపుతూ అరిచాడు. బోటు ఆగలేదు. అది లేపిన మొదటి అల నా కయాక్‌ను పైకెత్తింది, తట్టుకున్నాను. ఆ అలే రాళ్లకు కొట్టుకుని తిరిగి రెండో పక్కనుంచి వచ్చింది. రెండు చేతులా తాడు పట్టుకుని ఎడమకు ఒరిగి ఉన్నవాణ్ణి ఆ దెబ్బకు ఎడమకే పోయాను.

డిసెంబరులో ఇక్కడి నీళ్లు దాదాపు 15 డిగ్రీలు ఉంటాయి. చెబితే అంత చలేముందని అడుగుతారు. మునిగిన క్షణంలో మన ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని గాలి పీల్చేస్తాం. ఆ పీల్పు నీళ్లలో జరిగితే అంతటితో సరి. నన్ను లైఫ్ జాకెట్ పైకి తోసింది కాబట్టి సగం గాలి, సగం ఉప్పు నీళ్లు లోపలికి పోయాయి. దగ్గు, ఎగశ్వాస. ఒక్క మాట బయటికి రాలేదు. ఊపిరి నా చేతిలోకి వచ్చేదాకా జాకెట్టును పట్టుకుని వెల్లకిలా ఉండిపోయాను. అదొక్కటే చేయగలిగాను.

ఊపిరి కాస్త కుదురుకున్నాక ఎడమ కాలు కదలడం లేదని తెలిసింది. ఒళ్లో పడ్డ తాడు చీలమండకు చుట్టుకుంది. చేతులు వదిలేసిన నెట్ అడుగుకు దిగిపోయి రాళ్లలో ఇరుక్కుంది. అంటే నేను సముద్రం అడుక్కి కట్టేసి ఉన్నాను. పైన నీళ్లు బయటికి లాగుతున్నాయి. ప్రతి పెద్ద అలకూ నీటి మట్టం లేస్తుంది, నా కాలు మాత్రం లేవదు. అల వచ్చిన ప్రతిసారీ జాకెట్ నన్ను పైకి, తాడు కిందికి లాగి తల మునిగిపోతోంది. అల దాటాక మళ్లీ ముఖం బయటికి. కయాక్ బోర్లా పడి ప్రవాహంతో పాటు దూరమవుతోంది. దాని తెల్ల లైటు ఆరిపోలేదు. నీళ్ల అడుగున తలకిందులుగా ఆకుపచ్చగా వెలుగుతూ పోతోంది.

తాడును చేత్తో విప్పుదామని వంగాను. బిగుసుకున్న తడి తాడు విడదు. ఛాతీ మీద కత్తి తీశాను. దాని పిడికి సన్న తాడు కట్టి జాకెట్టుకు ముడివేసి ఉంచాడు బావ, ఎప్పుడో సీజను మొదట్లో. ఆ ముడి లేకపోతే ఈ కత్తి నా చేతి నుంచి రెండుసార్లు జారి అడుగుకు పోయి ఉండేది. మోకాలు ఛాతీకి ముడుచుకుని, అల తగ్గినప్పుడు కోసి, అల వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి, మళ్లీ తగ్గినప్పుడు కోశాను. రబ్బరు సూటుతో పాటు కాలి చర్మం కూడా తెగింది. అప్పుడు నొప్పి తెలియలేదు. తాడు తెగింది.

ఈల ఊదాను. సముద్ర సింహాల అరుపుల్లో, రాళ్లకు అలలు కొట్టుకునే హోరులో ఆ ఈల నాకే సరిగ్గా వినబడలేదు. బావకు కనబడింది నా నెత్తిమీది లైటు. నీళ్లలో లేస్తూ మునుగుతూ ఉన్న ఆ లైటు చూసి ఆయనకు విషయం అర్థమైంది. తన తాడు వదిలేసి వచ్చేశాడు.

"ముందు పట్టుకో, ముక్కు పట్టుకో! పక్కనుంచి ఎక్కొద్దు, నేనూ పడతాను!"

కయాక్ ముక్కును రెండు చేతులా చుట్టేసుకున్నాను, కాళ్లు దాని అడుగుకు పెనవేసుకున్నాను. ఒడ్డు అనుకుంటే జెట్టీ రాళ్లు దగ్గర్లోనే ఉన్నాయి. కానీ అలల మీద ఆ రాళ్లెక్కడం అంటే నత్తగుల్లలు పేరుకున్న బండల మీదికి విసిరేయించుకోవడమే. బావ ఆ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రేడియో తీసి పదహారో ఛానెల్‌లో మేడే అని మూడుసార్లు చెప్పాడు. ఎక్కడున్నామో, ఎంతమందిమో, ఒకరు నీళ్లలో ఉన్నారని. ఆయన గొంతు అంత నెమ్మదిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అవతలి నుంచి జవాబు వచ్చింది. తర్వాత ఆయన తెడ్డు వేసి నా కయాక్ లైటు కనబడే వైపు తీసుకుపోయాడు. ప్రవాహం దాన్నీ మమ్మల్నీ ఒకే వైపు మోస్తోంది కాబట్టి అందుకోగలిగాం.

ఇక్కడ చేతుల గురించి చెప్పాలి. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు చలి నీళ్ల గురించి ఒక లెక్క ప్రచారంలోకి తెచ్చారు. ఊపిరి కుదుటపడటానికి ఒక్క నిమిషం, చేతులూ కాళ్లూ పనికొచ్చేలా ఉండేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. గడ్డకట్టేంత చల్లని నీళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్క అది. మా సముద్రంలో కాస్త ఎక్కువ సమయమే దొరుకుతుంది. అయినా నాకు జరిగింది సరిగ్గా ఆ వరుసలోనే. చలికి చచ్చిపోతామని అందరూ అనుకుంటారు. దానికి చాలా ముందే చేతులు చచ్చిపోతాయి. శరీరం గుండెనూ పొట్టనూ వెచ్చగా ఉంచడానికి చేతుల నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకుంటుంది. వేళ్లు కనబడతాయి, నావే. మూయమంటే మూసుకోవు.

బోర్లా పడ్డ కయాక్‌ను బావ, నేను కలిసి తిప్పాం. నిజానికి ఆయనే తిప్పాడు. పైన కూర్చునే రకం కయాక్ కాబట్టి నీళ్లు నిండలేదు. ఇక నేను ఎక్కాలి. ఎండాకాలంలో నేర్చుకున్న పద్ధతి తెలుసు: కాళ్లు గట్టిగా కొట్టుకుని పొట్ట మీద పడటం, ఒళ్లు తిప్పి పిరుదుల మీదికి రావడం, తర్వాత కాళ్లు లోపలికి. మొదటిసారి ఛాతీ దాకా లేచాను, వేళ్లు పట్టు వదిలేశాయి. మళ్లీ ప్రయత్నించాను, అంత కూడా లేవలేదు. ఆ తర్వాత ఎక్కాలన్న కోరిక కూడా పోతోంది. అది నాకు బాగా గుర్తు. భయం లేదు. కాసేపు ఇలాగే ఉంటే బాగుండు అనిపించింది. ఇన్ని నెలల తర్వాత నన్ను అన్నిటికన్నా వణికించేది ఆ ఊరటే.

"ఒరేయ్, నా మొహం చూడు. అక్క పేరు చెప్పు."

చెప్పాను. మాట ముద్దగా వచ్చింది.

"పిల్లల పేర్లు చెప్పు. చెబుతూ ఉండు, ఆపకు."

నేను పేర్లు చెబుతుంటే ఆయన తన కయాక్‌లో ఉన్న తాడు కొంత కోసి, రెండు చివర్లూ కలిపి ఉచ్చులా ముడివేశాడు. దాన్ని నా కయాక్ మీద అడ్డంగా వేసి, అవతలి అంచు తన చేత్తో పట్టుకుని, ఉచ్చును నా వైపు నీళ్లలోకి వదిలాడు. "కుడికాలు దాంట్లో పెట్టి నిలబడు. చేతులతో పనిలేదు, కాలితో లే." చేతులు పోయినా తొడల్లో బలం ఇంకా మిగిలి ఉంది. రబ్బరు సూటు వల్లే అని ఆస్పత్రిలో చెప్పారు. ఉచ్చు మీద నిలబడి లేచాను. బావ నా జాకెట్టు భుజం పట్టి లాగాడు. కయాక్ మీద బోర్లా పడ్డాను. అలాగే ఉండిపోయాను.

అప్పటికి జెట్టీ కొస దాటి సముద్రంలోకి వచ్చేశాం. ప్రవాహానికి ఎదురు తెడ్డు వేసి బే లోపలికి పోవడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఒడ్డు వైపు పోదామంటే తీరం పొడుగునా అలలు విరుగుతున్నాయి. రెండు కయాక్‌లనూ పక్కపక్కన కలిపి పట్టుకుని, బావ నా మీద ఒరిగి గాలి తగలకుండా ఉన్నాడు. రక్షణ బోటు దీపం మమ్మల్ని వెతుకుతూ రెండుసార్లు పక్కనుంచి పోయింది. ఆయన తన నెత్తి లైటు తీసి దాని వైపు ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాడు. మూడోసారి ఆ వెలుగు మా మీద నిలిచింది.

బోటు మీద లైఫ్‌గార్డులు చేసిన పని గురించి రాయాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో దీనికి పూర్తిగా విరుద్ధంగా చేస్తారు. నన్ను నిలబెట్టలేదు, నడవనివ్వలేదు. పడుకోబెట్టి తడి బట్టలు కోసి తీసేశారు. పొడి దుప్పట్లు చుట్టారు. వెచ్చటి సంచులు చంకల్లో, ఛాతీ మీద పెట్టారు. చేతులూ కాళ్లూ ఎవరూ రుద్దలేదు. రుద్దితే అక్కడ చల్లబడిన రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుందట. బయటికి తీసిన తర్వాత కూడా ఒంటి లోపలి వేడి కొంతసేపు తగ్గుతూనే ఉంటుంది, నీళ్లలోంచి తీశాం కదా గండం గడిచిందని అనుకోకూడదు అని వాళ్లలో ఒకామె బావకు చెప్పింది. నాకు వణుకు రావడం మొదలైంది అప్పుడే. పళ్లు కొట్టుకుని నాలుక తెగింది. వణుకు వచ్చినందుకు ఆమె సంతోషించింది.

అక్క ఆస్పత్రికి వచ్చేసరికి తెల్లవారుతోంది. నన్ను చూసి ఏడవలేదు. బావ చేతులు పట్టుకుని చూసింది. ఆయన అరచేతులు తాడుకు చీరుకుపోయి ఉన్నాయి. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు ఆయన.

చీలమండ గాయానికి కుట్లు పడ్డాయి. వేళ్ల కొసల్లో మొద్దుబారడం చాలా వారాలు ఉంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అక్క చిన్న కొడుకు సాయం చేసేవాడు. రాత్రి స్నానానికి నీళ్లు ముఖం మీద పడితే ఊపిరి ఆగినట్టయ్యేది. భీమిలిలో అమ్మకు ఫోనులో జారిపడ్డానని మాత్రం చెప్పాం. తర్వాత మొత్తం చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బావను ఫోను దగ్గరికి పిలవమంది.

బావ మర్నాడే, ఇంకో స్నేహితుడి బోటులో పోయి, మిగిలిన నెట్లు తీసుకొచ్చాడు. నేను తాడు కోసేసిన నెట్ ఒక్కటి మాత్రం దొరకలేదు. పైన తెరిచి ఉండే వల కాబట్టి లోపల ఏదైనా ఉన్నా బయటికి పోగలదు, అదొక్కటే ఊరట. నన్ను పడేసిన ఆ మోటారు బోటెవరిదో ఎవరూ కనుక్కోలేకపోయారు. దాన్ని నడిపినవాళ్లకు ఆ రాత్రి ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదేమో. చీకట్లో జెట్టీల పక్కన వేగం తగ్గించమని మాత్రం బోటున్న ప్రతివాళ్లనూ వేడుకుంటున్నాను. చిన్న తెల్ల లైటు కనబడితే దాని కింద ఒక మనిషి రెండు చేతులూ తాడుకు ఇచ్చేసి కూర్చుని ఉంటాడు.

ఈ మధ్య మన తెలుగువాళ్లు చాలామంది వారాంతాల్లో కయాక్‌లు కొని ఈ వేటకు దిగుతున్నారు. వద్దని చెప్పను. నీళ్లన్నా, రాళ్లన్నా, ఆ జీవాలన్నా నాకు ఇప్పటికీ ఇష్టమే. ఒంటరిగా మాత్రం పోవద్దు. రేడియో, కత్తి, లైటు, ఈల ఏవీ కయాక్‌లో పెట్టకండి, ఒంటికే కట్టుకోండి. కయాక్ మిమ్మల్ని వదిలి పోతుంది, మీ జాకెట్ పోదు. కత్తికి తాడు కట్టండి. ఇద్దరి దగ్గరా చెరొక రేడియో ఉండాలి. నెట్ లాగేటప్పుడు తాడు కాళ్ల మీద పడకుండా పక్కన ఒక తొట్టి పెట్టుకుని అందులోకి పడనివ్వండి. కాలు పెట్టుకోవడానికి ఉచ్చు ముందే ముడివేసి కయాక్‌కు తగిలించి ఉంచండి, వేళ్లు మొద్దుబారాక ముడి వేయలేరు. అన్నిటికన్నా ముందు, సీజను తెరవకముందే ఒక పగటిపూట లోతులేని చోట మీ కయాక్‌ను మీరే బోర్లా వేసి, మళ్లీ ఎక్కడం నేర్చుకోండి. చేతులు వాడకుండా కూడా ఒకసారి ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఆ ఏడు చీకట్లో నీళ్లలోకి దిగకండి.